శనగగింజంత

పలాసలో పొద్దు జీడిపొగతో లేస్తుంది.
దానికన్నా ముందు నేను లేచి
తలుపు వెనక అద్దం దగ్గర లెక్క పెట్టుకుంటాను:
నుదుటి మీద ఆరు, గడ్డం కింద మూడు,
ముక్కు పక్కన నిన్న లేనిది ఒకటి,
రేగుపండులా ఎర్రగా,
హాల్ టికెట్ ఫొటో దిగే రోజు చూసుకుని మరీ.

అందరి దగ్గరా ఒక వైద్యం ఉంది,
బస్సులో టిక్కెట్టు చింపే కండక్టరు దగ్గర కూడా.
"గుంటకి వేడి సేసింది, తరవాణి పట్టండి" అంది తవిటమ్మత్త.
"పసుపూ సున్నిపిండీ" అంది ఎదురింటావిడ.
"టూత్‌పేస్టు" అంది పక్క బెంచీ హైమ.
రాస్తే మంట, కడిగితే ఇంకా మంట.
రెండు రోజులు నా బుగ్గ పుదీనా వాసన.

కాశీబుగ్గ ఫ్యాన్సీ షాపు క్రీము మాత్రం పనిచేసింది.
నాలుగు రోజుల్లో మొహం తళతళ.
ఐదో వారం ఎండలోకి వెళ్తే
పెనం మీద అట్టులా చురచుర.
మానేస్తే, పాతవి
చుట్టాల్ని వెంటేసుకుని మరీ వచ్చాయి.

అప్పుడు శ్రీకాకుళం, పెద్దాసుపత్రి, ఓపీ చీటీ,
రెండు గంటల వరస.
చర్మం డాక్టరమ్మ ఆ ట్యూబు పేరు చదివి
బల్ల మీద బోర్లించింది,
నేరస్థుణ్ణి కూర్చోబెట్టినట్టు.
"గిల్లకు. రుద్దకు. రోజుకి రెండుసార్లే కడుక్కో.
రాత్రికి ఈ మందు శనగగింజంత,
మొహమంతటికీ, ఒక్క మొటిమకి కాదు.
ఎండిపోతుంది, భయపడకు, ఈ రెండోది పైన రాయి.
రెండు నెలల దాకా అద్దాన్ని ఏమీ అడగకు."

ఎండిపోయింది.
పుష్యమాసం మంచు, సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి.
పెదాల మూలలు చిట్లి
నవ్వితే నొప్పి, ఆవలిస్తే నొప్పి.
ఒకే మొహం మీద జిడ్డూ కరువూ,
ఒకే ఊళ్ళో వరదా, ఎండిన బోరూ ఉన్నట్టు.
బుగ్గల మీంచి పొట్టు లేస్తుంటే
అమ్మ చూసి,
"నాను రోజంతా వొలిసేదీ ఈ పొట్టే కదే" అంది.
ఆ మాటకి మాత్రం నాకు కోపం రాలేదు.

అమ్మది జీడిపిక్కల పని. పద్దెనిమిదేళ్ళు.
జీడిరసం వేళ్ళని నల్లగా కాల్చి, తోలు ఊడగొట్టి,
మళ్ళీ వచ్చిన తోలుని మళ్ళీ కాల్చింది.
రేషన్ మిషను అమ్మ వేలిని గుర్తుపట్టదు.
"ఇంకో ఏలు పెట్టమ్మా" అంటాడు డీలరు.
పదీ అయ్యాక నన్ను పిలుస్తారు.
నా బొటనవేలు చూడగానే మిషను ఒప్పుకుంటుంది.
ఎందుకో నాకది గెలిచినట్టుండదు.
అమ్మ నా మొహం ముట్టుకోదు.
జడ వేస్తుంది, బుగ్గ తగలకుండా.
"ఈ సేతులతోటా" అంటుంది.

ఆ రెండో ట్యూబు లెక్క ప్రకారం నెల రావాలి.
పద్దెనిమిదో రోజుకే నడుం వంగింది.
తమ్ముణ్ణి అనుమానించాను,
మీసం రాని వాడికి ఈమధ్య దువ్వెన ఎక్కువైంది.
వాడు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు.
ఆ రాత్రి కరెంటు పోతే
ఫోను వెలుతురు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను.
గ్యాసుబండ పక్కన అమ్మ.
అరచేతిలో తెల్లగా, కచ్చితంగా, శనగగింజంత.
పది వేళ్ళకీ సరిపెడుతోంది.

"ఒలే ఢిల్లీ, దొంగతనం కాదే" అంది,
"రాస్తే ఏటవుద్దో సూద్దారని..."
నేనేమీ అనలేదు.
ట్యూబు తీసి ఆమె చేతిలో నొక్కాను, గట్టిగా,
డాక్టరమ్మ చూస్తే తిట్టేంత.

ఈ నెలా మిషను అమ్మని పట్టలేదు.
నా గడ్డం కింద ఇంకా రెండున్నాయి.
నిన్న జడ వేస్తూ, పరాకున,
అమ్మ చిటికెనవేలు నా దవడకి తగిలింది.
గరుకుగానే ఉంది.
ఈసారి చీటీ మీద రెండు రాయించుకోవాలి.